నా ఊదారంగు చెయ్యి: ఉగాది నుంచి ఓటు దాకా

ఉగాది పచ్చడిలోకి చింతపండు పిసుకుతుంటే ఎడమచేతి మధ్యవేలికి, ఉంగరపు వేలికి నడుమ నిప్పురవ్వ పడ్డట్టు చురుక్కుమంది. 2024 ఏప్రిల్ 9. నిజానికి ఆ సందులో దురద అప్పటికి రెండు వారాలుగా ఉంది, నేనే పట్టించుకోలేదు. మాది రాజమహేంద్రవరం. ఇంట్లోనే ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి అమ్ముతాను. తెల్లవారుజామున నాలుగింటికి మినప్పప్పు కడగడంతో మొదలుపెడితే, రాత్రి గ్రైండరు రాళ్ళు కడిగి బోర్లించేదాకా చేతులు తడిలోనే. ఇంత తడిలో ఉన్న చేతికి దురద రాకపోతే కదా వింత అనుకుని సరిపెట్టుకున్నాను.

పచ్చడి పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని వెలుతురులో చూసుకున్నాను. సందులో చర్మం నానిన అటుకుల్లా తెల్లగా ఉబ్బి ఉంది. గోటితో తాకితే పొరగా ఊడి వచ్చింది. దాని కింద అర్ధరూపాయి బిళ్ళంత మేర ఎర్రగా, పచ్చిగా ఉంది. మధ్యలో సన్నటి చీలిక. చింతపండు పులుసు దిగింది అందులోకే.

మా అత్తయ్యగారు కొబ్బరినూనెలో పసుపు రంగరించి పెట్టమన్నారు. మూడు రాత్రులు పెట్టాను. మంట తగ్గినట్టే అనిపించింది కానీ సందు ఇంకా చిత్తడిగా తయారైంది. అసలే ఆరని చోట నూనె పూత పూస్తే తడి ఎటు పోతుంది? అప్పుడు ఈ ఆలోచన రాలేదు. ఏప్రిల్ 13న మందుల షాపులో చెయ్యి చూపించాను. కౌంటరు దగ్గరి అబ్బాయి ఒక్క క్షణం చూసి ట్యూబు తీసిచ్చాడు, 95 రూపాయలు. మూడు రోజుల్లో దురద మాయం. ఆ అబ్బాయిని మనసులో ఎంత దీవించానో! నాలుగు రోజులు మానేసరికి దురద తిరిగొచ్చింది, ఈసారి పక్క సందును కూడా వెంటబెట్టుకుని. మళ్ళీ రాయడం, మళ్ళీ తగ్గడం, మళ్ళీ రావడం. అలా పదహారు రోజులు గడిచాయి.

ఏప్రిల్ 29, సోమవారం. చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి పదిన్నరకు వెళ్తే పిలుపు వచ్చింది పన్నెండు నలభైకి. ఫీజు 500. ఆమె నా చెయ్యి పట్టుకోకముందే అడిగిన మొదటి ప్రశ్న, "ఏం పని చేస్తారమ్మా?" చెప్పాను. రెండో ప్రశ్న, "ఈ ఉంగరం వేలి నుంచి తీసి ఎన్నాళ్ళయింది?"

ఇరవై రెండేళ్ళు. పెళ్ళినాటి ఉంగరం. తీయాలన్నా రాదు, కణుపు దగ్గర ఇరుక్కుపోయింది.

ట్యూబు చూపించమన్నారు. పర్సులోంచి తీసి ఇచ్చాను. వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదివి, అందులో ఘాటైన స్టెరాయిడు ఉందని చెప్పారు. స్టెరాయిడు దురద నోరు మూయించింది, అడుగున ఫంగస్‌ను మేపింది. ఆ మాటతో ట్యూబు అక్కడి చెత్తబుట్టలోకి పోయింది. సగం మందు ఇంకా మిగిలే ఉందని నాకు లోపల చివుక్కుమనడం మాత్రం దాచను.

తర్వాత ఒక అబ్బాయి మొద్దుబారిన బ్లేడుతో సందులోని తెల్లపొరను గీకి, గాజు పలక మీద పెట్టి, ఏదో ద్రావణం చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూశాడు. గీకితే నొప్పి లేదు, చక్కిలిగింత అంతే. అరగంటలో ఫలితం, 250 రూపాయలు. కాండిడా అనే ఫంగస్ అన్నారు. పసిపిల్లల నోట్లో తెల్లగా పూసే నోటిపూతకు కారణం కూడా ఇదేనట. నాకు వెంటనే వచ్చిన భయం వేరు. "అమ్మా, ఇది నా పిండిలోంచి వచ్చిందా? నా పిండిలోకి పోయిందా?" పిండిని పులియబెట్టేవి వేరే సూక్ష్మజీవులని, కాండిడా మన ఒంటి మీదా పేగుల్లోనూ ఎప్పుడూ ఉండేదేనని, తడి దొరికితే పెచ్చుమీరుతుందని చెప్పారు. అయినా తగ్గేదాకా ఆ చెయ్యి పిండిలో పెట్టవద్దన్నారు. షుగరు ఉన్నవాళ్ళకు ఇది తరచుగా వస్తుందట, అందుకని పరగడుపు రక్తపరీక్ష కూడా రాశారు. మర్నాడు చేయిస్తే 98 వచ్చింది. ఊపిరి పీల్చుకున్నాను.

చీటీలో రెండు మందులు ఉన్నాయి. మొదటిది ఫంగస్‌ను తగ్గించే క్లోట్రిమజోల్ పొడి. రెండోది చదివి నవ్వొచ్చింది: జెన్షన్ వయొలెట్, 0.5 శాతం. మా చిన్నప్పుడు బడిలో పడి మోకాలు చెక్కుకుంటే కాంపౌండరు దూదితో పులిమే ఊదారంగు మందు! ఒకడికి ఊదా, ఒకడికి ఎర్ర మందు పూస్తే మరునాడు ఎవరి మోకాలు బాగుందో పోల్చుకునేవాళ్ళం. ముప్పై ఏళ్ళుగా దాని పేరు కూడా వినలేదు. "ఇప్పుడు మేమూ తక్కువే రాస్తాం" అన్నారు డాక్టరమ్మ. "మీ సందు చిత్తడిగా ఉంది, క్రీము రాస్తే ఇంకా నానుతుంది. ఇదైతే పూసిన చోట ఆరిపోయి చర్మానికి అంటుకుంటుంది. ఫంగస్ మీదా, దానితో చేరే కొన్ని బ్యాక్టీరియా మీదా పనిచేస్తుంది." తామరకు ఇది సరైన మందు కాదని కూడా అడగకుండానే చెప్పారు. ఇంట్లో ఇంకెవరికైనా పూస్తానేమోనని ముందుజాగ్రత్త కాబోలు.

ఆమె గట్టిగా చెప్పిన మాట ఒకటుంది: పచ్చిపుండు మీద పూయకూడదు. పచ్చి మాంసం మీద పడితే రంగు లోపలికి దిగి పచ్చబొట్టులా శాశ్వతంగా ఉండిపోవచ్చట. అందుకని ముందు మూడు రోజులు పొడి చల్లి, వేళ్ళ మధ్య గాజుగుడ్డ మడిచి పెట్టుకుని చీలికను మాననివ్వాలి. పైచర్మం కట్టాకే రంగు, రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. పైన కట్టు కట్టకూడదు. నోట్లోకి, కంట్లోకి పోకూడదు.

ఏప్రిల్ 30 సాయంత్రం ఉంగరం సంగతి. సబ్బు నురుగు, నూనె, దారం చుట్టి లాగడం, అన్నీ అయ్యాయి. వేలు వాచింది తప్ప అది కదల్లేదు. మా వీధి చివర ఆచారిగారి దగ్గరికి వెళ్ళాం. చిన్న కత్తెరలాంటి పనిముట్టు ఉంగరం కిందికి దూర్చి రెండు నిమిషాల్లో కోసేశారు. డబ్బు తీసుకోలేదు, "అతికించేటప్పుడు ఇద్దురుగానిలెండమ్మా" అన్నారు. వేలి చుట్టూ తెల్లటి గాడి, దాని కింద కూడా చర్మం నానిపోయి ఉంది. పుండు గురించి రాని ఏడుపు ఆ గాడి చూస్తే వచ్చింది. మావారు ఏమీ అనకుండా ఉంగరం ముక్కలను జేబురుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నారు.

పిండి ఆపేశానని ఇంటింటికీ చెప్పాల్సి వచ్చింది. ఎండాకాలం సెలవులు, పిల్లలు ఇళ్ళలో ఉంటారు, పిండికి గిరాకీ ఎక్కువగా ఉండే రోజులు. చేతికి దెబ్బ తగిలిందని అబద్ధం చెప్పాను. ఫంగస్ అంటే మళ్ళీ నా పిండి ఎవరు కొంటారు?

మే 2న మందు కోసం తిరిగాను. మొదటి షాపులో "అది రావడం మానేసింది" అన్నారు. రెండో చోట పేరు మూడుసార్లు చెప్పించుకుని గొంతునొప్పి మందు తెచ్చి చూపించారు. మూడో చోట లేదు. నాలుగోది ప్రభుత్వాసుపత్రి వైపున్న పాత షాపు. పెద్దాయన స్టూలెక్కి, పై అరలోంచి దుమ్ము తుడుస్తూ చిన్న సీసా దించారు. 24 రూపాయలు. గడువు తేదీ చూశాను, ఇంకా ఏడాది ఉంది. కానీ అది 1 శాతం. క్లినిక్కుకు ఫోను చేస్తే, కాచి చల్లార్చిన నీళ్ళు సమానంగా కలుపుకోమని నర్సు చెప్పింది. సూది లేని సిరంజితో 5 మిల్లీలీటర్ల మందు, 5 మిల్లీలీటర్ల నీళ్ళు కొలిచి వేరే చిన్న సీసాలో పోశాను. ఇక్కడే నా మొదటి తప్పు జరిగింది. మూత తిప్పేటప్పుడు అంచున ఉన్న మందు ఎడమచేతి చూపుడువేలి మీదుగా కారి గోరు మొదట్లో చేరింది. ఆ ఒక్క చుక్క పదకొండు రోజుల తర్వాత నన్ను ఎక్కడ నిలబెడుతుందో అప్పుడు తెలియదు.

మే 3, శుక్రవారం పొద్దున మొదటి పూత. చీలిక మూసుకుంది, సందు లేత గులాబీ రంగులో పొడిగా ఉంది. నేల మీద పాత పేపర్లు పరచుకుని, దూదిపుల్ల ముంచి, సీసా అంచుకు ఒత్తి, వేళ్ళు విడదీసి పూశాను. చిన్న చురుకు, పది లెక్కపెట్టేలోపు పోయింది. వేళ్ళు అలాగే చాచి ఫ్యాను కింద అయిదు నిమిషాలు. దట్టంగా పడిన చోట ఆరాక నెమలి కంఠంలా ఆకుపచ్చ మెరుపు వచ్చింది. అంత అందమైన రంగును అంత అసహ్యమైన చోట పూసుకోవడం ఇదే మొదటిసారి.

మూడో రోజుకు దురద సగం తగ్గింది. ఆ రాత్రి మధ్యలో మెలకువ లేకుండా నిద్రపోయాను. అప్పటిదాకా ప్రతి రాత్రీ రెండు గంటల ప్రాంతంలో గోక్కుంటూ లేచేదాన్ని.

రంగు మాత్రం ఇల్లంతా తిరిగింది. సబ్బుకు చర్మం మీది మరక చలించదు. స్పిరిట్‌తో తుడిస్తే కొంత పోతుంది కానీ మందు పూసిన చోట తుడవకూడదు, చుట్టుపక్కల మాత్రమే. వాష్‌బేసిన్‌లో పడిన చుక్కను బ్లీచింగ్ పౌడరుతో రుద్దితే పోయింది, పలకల మధ్య తెల్ల సిమెంటులో పడినది పోలేదు. ఒక నైటీ, రెండు దిండుగలీబులు, మావారి తువ్వాలు పాడయ్యాయి. రెండో రోజు నుంచి ముదురు నీలం రంగు పాత చీరలే కట్టాను. ఎడమచేతికి అన్నం తగలకుండా చూసుకున్నాను కానీ వంటంతా ఒంటిచేత్తో చేస్తే తెలుస్తుంది, వంకాయ తొడిమ తీయడానికి కూడా రెండు చేతులు కావాలని.

అందరూ అడిగారు. కూరగాయల బండి అతను "హోలీ రంగు ఇంకా పోలేదా అక్కా?" అన్నాడు. పక్కింటి పిన్నిగారు మాత్రం నవ్వలేదు. చెయ్యి చూసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ నా పిండికి తొలినాటి ఖాతాదారు. నేను మళ్ళీ రుబ్బడం మొదలుపెట్టాక కూడా ఆవిడ గిన్నె రాలేదు. క్రీము అయితే ఎవరికీ కనిపించదు, ఈ మందు మాత్రం జబ్బును ఊరంతా చాటుతుంది. ఈ సంగతి చీటీలో ఎవరూ రాయరు.

మే 6 రాత్రి కెనడా నుంచి అమ్మాయి వీడియో కాల్ చేసింది. చెయ్యి దాచుకోవాలని గుర్తు లేదు. "అమ్మా, అదేమిటి?" చెప్పాను. పది నిమిషాల తర్వాత మళ్ళీ ఫోను, గొంతు మారిపోయింది. కెనడా ఆరోగ్య శాఖ 2019 జూన్‌లోనే ఆ మందు వాడొద్దని ప్రజలను హెచ్చరించిందట, క్యాన్సరు ప్రమాదం ఉండవచ్చని. "అమ్మా, వెంటనే కడిగేసుకో" అంది. కడిగితే పోయేదైతే ఇంత గొడవెందుకు!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు, దురద వల్ల కాదు. వేళ్ళ మధ్య ఉన్న రంగు నరాల్లోకి పాకుతున్నట్టు ఊహించుకుంటూ పడుకున్నాను. పొద్దున పూత వేయలేదు. పదింటికి డాక్టరమ్మకు ఫోను చేస్తే విసుక్కోకుండా మాట్లాడారు. ఎలుకలకు జీవితాంతం ఆ రంగును తిండిలో కలిపి పెట్టిన ప్రయోగాల్లో కణితులు కనిపించిన మాట నిజమేనని, కొన్ని దేశాలు అందుకే జాగ్రత్తపడ్డాయని ఒప్పుకున్నారు. పాలిచ్చే తల్లుల రొమ్ముకు, పసిపిల్లల నోటికి అయితే తాను అసలు రాయనన్నారు. "మీది వేళ్ళ సందులో బొటనవేలి గోరంత జాగా, ఏడు రోజులు. ఆపాలనుకుంటే ఆపండి, క్లోట్రిమజోల్‌తో వెళ్దాం, కాస్త ఆలస్యమవుతుంది. నిర్ణయం మీదే."

నిర్ణయం నా చేతిలో పెట్టడం మొదట కోపం తెప్పించింది. డాక్టరంటే చెప్పాలి కదా, అడగడమేమిటి? సాయంత్రందాకా ఆలోచించి, మిగిలిన పూతలు పూర్తి చేయాలనే అనుకున్నాను. తగ్గుతున్నట్టు కళ్ళ ముందు కనిపిస్తోంది. అమ్మాయికి నచ్చలేదు, రెండు రోజులు మాట్లాడలేదు. నేను చేసింది సరైనదేనని వాదించను. ఇంకొకరు ఆపేస్తే వాళ్ళనూ తప్పుపట్టను. ముందే తెలిసి ఉంటే మొదటి రోజే క్లినిక్కులో ఈ ప్రశ్న అడిగేదాన్ని, అంతే తేడా.

మే 9 రాత్రితో పూతలు అయిపోయాయి. మరునాడు అక్షయ తృతీయ. క్లినిక్కుకు వెళ్ళే దారిలో ప్రతి బంగారు దుకాణం ముందూ క్యూ. నా బంగారం మాత్రం రెండు ముక్కలై బీరువాలో పడి ఉంది. డాక్టరమ్మ సందు విడదీసి చూసి, రంగు ఆపేసి రెండు వారాలు క్లోట్రిమజోల్ క్రీము సన్నగా రాయమన్నారు. ఇప్పుడు సందు ఆరింది కాబట్టి క్రీము ఫరవాలేదట. ఈసారి ఫీజు లేదు, పదిహేను రోజుల్లోపు వస్తే తీసుకోరు. ల్యాబు అబ్బాయి నా చెయ్యి చూసి తన వేళ్ళు చాచి చూపించాడు. అవీ ఊదానే! పరీక్షలో బ్యాక్టీరియాకు అద్దేదీ ఈ రంగేనట. "మాకు ఇది రోజూ ఉండేదే ఆంటీ" అన్నాడు. ఆ వారంలో నన్ను చూసి మనస్ఫూర్తిగా నవ్వింది ఆ అబ్బాయొక్కడే.

మే 13, సోమవారం. శాసనసభకూ లోక్‌సభకూ ఒకేసారి ఓట్లు. మావారు ఇంట్లోనే అన్నారు, "నీ చూపుడువేలు చూసుకున్నావా?" గోరు మొదట్లో ఊదా మరక, ఎంత స్పిరిట్ పెట్టినా గోటి అంచు వదల్లేదు. ముందుజాగ్రత్తగా మందుల చీటీ పర్సులో పెట్టుకున్నాను. గంటన్నర క్యూలో నిలబడి లోపలికి వెళ్ళాక పేరు చూశారు, సరిపోయింది. సిరా పెట్టే ఉద్యోగి వేలు పట్టుకుని ఆగిపోయాడు. "ఇప్పటికే ఉన్నట్టుందేమిటమ్మా?" నా వెనక ఉన్నవాళ్ళంతా నా వేలి వైపే చూపు. దొంగ ఓటుకు వచ్చానని అనుకుంటున్నారేమోనని చెవులు వేడెక్కాయి. చీటీ తీసి చూపించి, వేళ్ళు విడదీసి సందులోని రంగు కూడా చూపించాను. లోపలి పెద్ద అధికారి వచ్చి, వేలు వెలుతురుకు తిప్పి చూసి, "ఇది మందు రంగు, సిరా అయితే నల్లగా మారుతుంది. పెట్టండి" అన్నారు. ఊదా మరక మీదుగానే గోరు నుంచి కిందికి సిరా గీత పడింది. అంతా కలిపి అయిదు నిమిషాలు పట్టిందేమో, నాకు మాత్రం క్యూలో నిలబడ్డ గంటన్నర కంటే ఎక్కువనిపించింది.

మే 19కి సందులోని రంగు పూర్తిగా పోయింది, చర్మం మామూలు రంగుకు వచ్చింది. 20న మళ్ళీ గ్రైండరు తిప్పాను. లోపల నూలు తొడుగు, పైన రబ్బరు తొడుగు. ఉత్త రబ్బరు తొడుగు వేస్తే లోపల చెమట పట్టి మళ్ళీ అదే కథ అవుతుందని డాక్టరమ్మ హెచ్చరించారు. నూలు తొడుగులు ఆరు జతలు కొన్నాను, 180 రూపాయలు. గంటకోసారి మార్చి ఎండలో ఆరేస్తాను, మా దండెం మీద చేతులు వేలాడుతున్నట్టు ఉంటాయి. సీసా ఖరీదు 24 రూపాయలే కానీ మూడు వారాలు పిండి ఆపినందుకు పోయింది సుమారు పదివేలు. సీసాలో ముప్పాతిక మందు అలాగే ఉంది. దాన్ని మరెవరికీ పూయకుండా మూత బిగించి, కవరులో చుట్టి పారేశాను.

నాకు తగ్గింది ఆ రంగు వల్లేనా అని అమ్మాయి ఇప్పటికీ అడుగుతుంది. రంగు పనిచేసింది, కాదనను. కానీ ఉంగరం కోయించకుండా, చెయ్యి మూడు వారాలు ఆరబెట్టకుండా ఎన్ని సీసాలు పూసినా తగ్గేది కాదని నా నమ్మకం. జూన్‌లో ఆచారిగారు ఉంగరం అతికించి, కాస్త పెద్దది చేసి ఇచ్చారు, 700 తీసుకున్నారు. పిండి పని ముగిశాక, చేతులు తుడుచుకున్నాక, రాత్రి ఎనిమిది తర్వాత పెట్టుకుంటున్నాను. ఓటు సిరా గీత మాత్రం గోరుతో పాటు పైకి జరుగుతూ జరుగుతూ ఆగస్టులో గానీ పూర్తిగా పోలేదు.